బతికున్నవాళ్ళ కాగితం

ముందు బస్సు సంగతి రాసుకోవే తల్లీ. కువైట్ నుంచి బాగ్దాద్ వెళ్ళే బస్సు పొద్దున అయిదింటికన్నారు. ఎండ మాడ్చేస్తున్న పదింటికి గానీ కదల్లేదు. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి దిగి నెల కావస్తోంది. టికెట్టు మామూలు ధరకు ఎన్నో రెట్లు. ఇదేం అన్యాయమని అడిగితే డ్రైవరు "యల్లా, ఎక్కుతావా దిగుతావా?" అన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నా సంచిలో రెండు చీరలు, కాసిని రొట్టెలు, మామా ఇచ్చిన కాగితాల కట్ట. పనిచేసే ఇంటావిడను అక్కడ మామా అంటాం. కువైట్‌లో జాబ్రియా అనే పేటలో మా మామా ఇటలీ మనిషి, భర్త పోయిన ముసలావిడ. వాళ్ళ ఊరి చర్చిలో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు లాటిన్‌లో రాసిన పాత పుస్తకాల నకళ్ళు తెప్పించుకుని తన వంశాన్ని వెతుక్కునేది. ఆవిడకు చూపు ఆనక, నేను ఒక్కో అక్షరం చదివితే అర్థం చెప్పేది. అన్నీ పొట్టి మాటలే. పేరు ముందు 'క్యూ' ఉంటే మన కీ.శే. అన్నమాట. ఆడమనిషి పేరు పక్కన 'రెల్' ఉంటే విధవ. పూర్తి మాటకు 'విడిచిపెట్టబడినది' అని అర్థమట.

"విడిసిపెట్టేదేంది మామా? ఆయప్ప సచ్చిపోతే ఈమెదా తప్పు?" అన్నాను.

"మీ దగ్గరేం రాస్తారు?"

శుభలేఖల్లో గం.భా.స. అని వేస్తారనీ, గంగా భాగీరథులతో సమానమనీ చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వింది. "అంత గొప్పదాన్ని పెళ్ళిలో ముందు వరసలో కూర్చోబెడతారా?"

నేను తరవాతి పేరు చదివాను.

సైన్యం తెల్లవాళ్ళను పట్టుకుపోతోందని ఆవిడ తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉండిపోయింది. మనవాళ్ళకు మాత్రం దారి ఇచ్చారు. "ఇల్లు దోచుకుంటే దోచుకోనీ. ఇవి మా చెల్లెలికి పోస్టు చెయ్యి," అని కట్ట చేతిలో పెట్టింది. అడుగు కాగితం మీద చెల్లెలి చిరునామా, ఆమె పిల్లల పేర్లు ఉన్నాయి.

బస్రా దాటాక మధ్యాహ్నం తనిఖీ. ఒక సైనికుడు కట్ట విప్పి "షిఫ్రా!" అని అరిచాడు. రహస్య సంకేతాలని వాడి అనుమానం. నా పక్క సీటులో సుబ్బరాయుడని కడప అతను, కువైట్‌లోనే అర్దియా పేటలో లారీ తోలేవాడు. నా చెయ్యి గిల్లాడు.

"అత్తా, అయ్యి ఆడ పారెయ్. నీ తిక్కకు మమ్మల్నందర్నీ కాల్చేస్తారు."

"ఎప్పుడో సచ్చినోళ్ళ పేర్లు చూసి తుపాకోడు బయపడతాండాడని చెప్పు వానికి!"

అతనా ముక్క మాత్రం అరబ్బీలో చెప్పలేదు.

ఆఫీసరు వచ్చాడు. ఒక్కో పేరు మీద వేలు పెట్టాడు. "మాత్," అన్నాను, పోయాడని. ఇంకోటి. "మాత్." 'రెల్' దగ్గర "అర్మలా," విధవ అన్నాను. చివరికి అడుగు కాగితం తీశాడు.

"వీళ్ళు?"

"బతికున్నారు."

దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మిగతావి నా ఒళ్ళోకి విసిరాడు. "చచ్చినవాళ్ళను తీసుకుపో. ఖలాస్!"

వాడి చొక్కా పట్టుకున్నాను. సుబ్బరాయుడు నన్ను వెనక్కి లాక్కుని కూర్చోబెట్టాడు. బాగ్దాద్ దాకా ఇద్దరినీ తిట్టాను. అక్కణ్ణుంచి జోర్డాన్ సరిహద్దు దాకా మరో బస్సు. అక్కడ గుడారాల్లో నీళ్ళ కోసం తోపులాట. అలాంటి దారిన పోవాల్సి వస్తే బట్టలు తగ్గించి నీళ్ళు ఎక్కువ పట్టుకోండి. అమ్మాన్‌లో విమానమెక్కి బొంబాయిలో దిగాం, అక్కడ మద్రాసు రైలెక్కాం.

రైల్లో కట్ట మళ్ళీ విప్పాను. చిరునామా పోయింది గానీ ప్రతి కాగితం నెత్తిన చర్చి పేరు, ఊరి పేరు ఉన్నాయి. ఆ చర్చి ఫాదరుకే పంపుదామనుకున్నాను. గుంతకల్లులో బండి ఆగితే సుబ్బరాయుడు కవరు, స్టాంపులు తెచ్చి తన పెన్ను ఇచ్చాడు. నా వచ్చీరాని ఇంగ్లీషులో, ఇవి ఫలానావిడవి, చెల్లెలికి చేర్చండని మొదలుపెట్టాను. అతను తొంగిచూశాడు.

"పేరు ముందర లేటు అని పెట్టత్తా. ఈపాటికి ఆయమ్మ ఉంటాదా?"

"నువ్వు చూసొచ్చినావా? నోర్మూసుకో!"

పెట్టెలో అందరూ మావైపు తిరిగారు. తిరగనీ. ఆ ప్రయాణంలో నేను చూసిందల్లా ఈ తొందరే. తుపాకి ఉన్నవాడి నుంచి పెన్ను ఇచ్చినవాడి దాకా, మనిషిని పోయినవాళ్ళలో కలిపెయ్యాలని. మామా పేరు ముందు ఏ అక్షరమూ పెట్టకుండా రాశాను. కింద ఇంకో ముక్క చేర్చాను: "నేను బయల్దేరేటప్పుడు ఆవిడ కాఫీ తాగుతోంది. చక్కెర తక్కువైందని నన్ను తిట్టింది."