చిన్నాయన కండువా

మొన్న బడిలో తల్లిదండ్రుల మీటింగుకి పోతే, మా చిన్నమ్మాయి క్లాసు టీచరమ్మ "మీ పాప చాలా రిజర్వ్‌డ్ అండీ" అంది. పొగిడిందో, పితూరీ చెప్పిందో తేలలేదు. బేరగాణ్ణి కదా, ఊరుకోలేక "అంటే మంచిదా మేడమ్, చెడ్డదా?" అని అడిగేశాను. "అంటే... తక్కువ మాట్లాడుతుంది" అని నవ్వింది. తక్కువ మాట్లాడటం పైకి ఒకటే గాని, లోపలి సరుకు ఒకటి కాదు. బిడియం ఉండొచ్చు, పొగరు ఉండొచ్చు, భయం ఉండొచ్చు, ఉత్త బద్ధకమూ ఉండొచ్చు. మూట విప్పనిదే చింతపండులో గింజెంతో చెప్పలేం. ఈ తెలివి నాకు మా చిన్నాయన నేర్పాడు, నోరు విప్పకుండానే.

భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఉండేది మా దుకాణం. గూడేల నుంచి వచ్చే చింతపండు, కుంకుడుకాయలు కొని ఖమ్మం పంపేవాళ్లం. నాన్న పోయాక గల్లా దగ్గర నేను, పక్క బల్ల మీద ఆయన తమ్ముడు, మా చిన్నాయన. బ్యాంకు మేనేజరు ఆయన్ని "వెరీ రిజర్వ్‌డ్, జెంటిల్‌మన్" అనేవాడు. మా అమ్మ దేవుడిలాంటి మనిషి అనేది. మా ఆవిడ ఒక్కతే, కాపురానికొచ్చిన కొత్తలో, "మాట్లాడడు సరే, అన్నీ వింటడు చూడు" అంది. కొత్తకోడలి అనుమానమని కొట్టిపారేశాను.

నా బేరాలన్నీ ఆయన కండువాతోనే నడిచేవి. నేను గంటసేపు వాగేవాణ్ణి. ఆయన గొంతు సవరించుకుంటే ఒప్పేసుకోమని. కండువా ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారిందంటే లేచి నడవమని. నడిస్తే పదడుగుల్లో వెనక్కి పిలుస్తారు, ఏ సంతలోనైనా అదే ధర్మం. పన్నెండేళ్లలో కండువా ఒక్కసారీ తప్పలేదు. గట్టి బేరగాడన్న పేరు మాత్రం నాకొచ్చింది. అదంతా నా సొంత ప్రతిభేనని నేనూ నమ్మాను.

దుకాణం నడిచే మల్గీ గది నాన్న పేరు మీద కిరాయికి ఉండేది. గడువు తీరితే, కాగితం నా పేర రాయించుకుందామని ఇద్దరం బస్సెక్కి ఇల్లందులో ఉండే ఓనరు ఇంటికి పోయాం. అది పోతే నాకు వేరే బతుకుతెరువు లేదు. ఓనరు కిరాయి పెంచమన్నాడు. కారే రేకులు, మూటలు కొరికే ఎలుకలు, పడిపోయిన గిరాకీ, అన్నీ ఏకరువు పెట్టాను. లోపల మాత్రం ఓనరు అడిగినంతా ఇచ్చేద్దామనే ఉంది. సరే అనబోతుండగా చిన్నాయన కండువా కుడి భుజం మీదికి మారింది.

లేచాను. "అయితే మీ మల్గీ మీరే ఉంచుకోండ్రి" అని చెప్పులేసుకున్నాను. పిలుపు వినపడేటంత నెమ్మదిగా నడిచాను. గేటు గొళ్లెం రానట్టు కాసేపు నటించాను కూడా. ఎవరూ పిలవలేదు. బస్సులో "రేపు కబురు పెడ్తడులే" అని నేనే అన్నాను. చిన్నాయన కిటికీలోంచి టేకుచెట్లు చూస్తూ కూర్చున్నాడు.

పది రోజులకు మల్గీ తాళం మారింది. కాగితం చిన్నాయన కొడుకు పేర అయింది. మేం పోకముందే చిన్నాయన వెళ్లి అడిగితే, "వాడంతట వాడే వద్దంటే నీ కొడుక్కిస్త" అని ఓనరు మాటిచ్చాడట.

పోయి నిలదీశాను. "గిదేంది చిన్నాయనా? గంత కడుపుల పెట్టుకొని నా పక్కన ఎట్ల కూసున్నవ్?"

ఆయన, "నా కొడుకు ఏం జేస్తుండో ఒక్కనాడన్న అడిగినవారా?" అన్నాడు. ఆయన నోట నేను విన్న పొడుగు మాట అదే.

అడగలేదు, నిజమే. నేను వాగుతుంటే వినే మనిషి ఉన్నాడన్న సంబరంలోనే ఉన్నాను. అయినా, నన్ను గేటు దాకా నడిపించింది ఆ కండువానే. ఆయన మాటలో ఎంత నిజమున్నా ఆ లెక్క నాకు సరిపోలేదు.

బడి నుంచి వస్తూ మా పాపని, "ఏందమ్మా, ఎవ్వరితోని మాట్లాడవంట?" అన్నాను. అది బ్యాగు దారంతో ఆడుకుంది. ఇంకో మాట నోటిదాకా వచ్చింది, మింగేసి దాని పక్కన నడిచాను. ఇప్పుడు ఖమ్మంలో చిన్న కొట్టు నాది, సైగ చేసేవాళ్లెవరూ లేరు. ఇన్నేళ్లు గడిచినా, ఏ బేరంలోంచి లేచొచ్చినా, పదో అడుగు దగ్గర నా కాలు దానంతట అదే నెమ్మదిస్తుంది.