గుడ్డ కప్పు మీద నూనె

మా ఆవిడ పాటలు నేను ఎక్కువగా విన్నది స్కూటర్ మీద. పెళ్లయిన కొత్తలో, ఆదివారం ఆరాధన ముగించుకుని ఉక్కు ప్లాంట్ క్వార్టర్‌కి తిరిగి వస్తుంటే, వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని, నా భుజం పట్టుకుని, మందిరంలో అప్పుడే పాడి వచ్చిన కీర్తనను మళ్లీ మొదటి చరణం నుంచి ఎత్తుకునేది. సంఘమంతా కలిసి పాడేటప్పుడు ఆమె గొంతు ఎక్కడుందో నాకు తెలిసేది కాదు. స్కూటర్ మీద మాత్రం నా కుడి చెవి వెనకాలే ఉండేది. సెక్టార్ రోడ్ల మీద అటూ ఇటూ చెట్లు, ఎదురుగాలి, ఖాళీ కడుపు, ఆ పాట. ఇంటి గేటు దగ్గరికి వచ్చేసరికి పాట ముగియకపోతే నేను ఇంకో వీధి తిరిగి వచ్చేవాణ్ణి. ఎందుకు తిరిగానో ఆవిడకు తెలుసు. పాట ఆపేది కాదు.

తర్వాత ఆవిడ మోకాళ్లు స్కూటర్‌ని ఒప్పుకోలేదు. చిన్న కారు కొన్నాం. అందులో ఆదివారాలు కోహ్కా బస్తీ మీదుగా వెళ్లి, మా సంఘంలోని పెద్ద వయసు తల్లులను ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించుకునేవాళ్లం. అద్దాలు మూసి, ఏసీ పెట్టుకుని, బీపీ మాత్రల గురించి మాట్లాడుకుంటూ మందిరానికి చేరేవాళ్లం. పాట ఆగిపోయింది. ఆగిపోయిందని నేను గమనించడానికే కొన్నేళ్లు పట్టింది.

"కారులో ఎందుకు పాడవు?" అని ఒకసారి అడిగాను.

"మూత పెట్టిన గిన్నెలో కూకుని పాడినట్టుంటాదండీ," అంది. అంతటితో ఆ మాట అయిపోయింది. నాకు మాత్రం మిగిలిపోయింది.

నేను ప్లాంట్‌లో పని చేసింది రోలింగ్ మిల్లు హైడ్రాలిక్స్‌లో. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెలను తోసేవీ ఎత్తేవీ పెద్ద పెద్ద సిలిండర్లు. వాటిలోకి నూనెను తోసే పంపులు నా ఎడమ వైపు ఉండేవి. రిటైరయ్యేనాటికి ఎడమ చెవిని దాదాపు అక్కడే వదిలేసి వచ్చాను. కుడి చెవిని దేవుడు కాపాడాడు. ఆ ఎడమ చెవి చూపించుకోవడానికే పోయిన చలికాలం స్మృతి నగర్‌లో ఒక చెవి డాక్టరుగారి ఇంటికి వెళ్లాను. ఆయన ఇంట్లోనే రోగులను చూస్తారు. పోర్టికోలో గుడ్డ తొడిగిన కారు ఒకటి, మామూలు కారు కంటే బాగా పొట్టిగా, నేలకు అంటుకుని ఉంది.

నా చూపు అటు పడటం ఆయన చూశారు.

"భాయీ సాబ్, కొంటారా?" అన్నారు హిందీలో నవ్వుతూ. "ఎండాకాలం కప్పు తెరవలేం. వానాకాలం తెరవలేం. మిగిలిన రెండు నెలలూ నా నడుము తెరవనివ్వదు."

తొడుగు తీశారు. ముదురు నీలం రంగు, రెండు తలుపులు, రెండే సీట్లు. విదేశీ కంపెనీది. ఒకప్పుడు గొప్పవాళ్లు మాత్రమే కొన్న బండి. ఇప్పుడు వయసు పైబడి కొత్త చిన్న కారు ధరకు దిగింది. పైన ఇనుము లేదు. నల్లటి మందపాటి గుడ్డ కప్పు. డాక్టరుగారు మీట నొక్కారు. వెనక మూత లేచింది, కప్పు మధ్యలో మడతపడింది, వెనక్కి ఒదిగింది, మూత మూసుకుంది. నేను ఇరవై లెక్కపెట్టేలోపు ఆకాశం వచ్చేసింది.

మళ్లీ వేయమన్నాను. మళ్లీ తీయమన్నాను. మూడోసారి వెనక్కి వెళ్లి, వంగి, కుడి చెవి ఆనించి విన్నాను. పంపు శుభ్రంగా పాడుతోంది. ఎక్కడా గురక లేదు, తడబాటు లేదు. బొటనవేలంత లావు సిలిండర్లు. వాటి కడ్డీల మీద వేలు రాసి చూశాను, నూనె చెమ్మ లేదు. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి వాసన చూశాను, వాన నీరు దిగి ముక్కిన వాసన లేదు. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేయించి పొగ రంగు చూశాను. డాక్టరుగారు చేతులు కట్టుకుని నిలబడి, "ఇంత శ్రద్ధగా నేను ఏ పేషెంటునూ చూడలేదు," అన్నారు.

మూడు రోజులు ప్రార్థనలో పెట్టాను. ప్రార్థించాను అనడం కంటే అడిగిందే అడిగాను అనడం నిజం. దేవుడు వద్దనలేదు. దాన్నే నేను సరే అన్నట్టు తీసుకున్నాను. దేవుని మౌనాన్ని మనకు అనుకూలంగా చదువుకోకూడదని యౌవనస్థుల కూటంలో ఎన్నిసార్లో బోధించింది నేనే.

నాలుగో రోజు ఆవిడకు చెప్పాను. ఆవిడ కూర తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"రెండు సీట్ల బండా?"

"అవును."

"ఆదివారం కోహ్కా మామ్మగార్ని ఎక్కడ కూకోబెడతారు? డిక్కీలోనా?"

"పాత కారు అమ్మను. ఆదివారం అదే."

"మరి ఇదేటికి?"

అసలు కారణం నోటిదాకా వచ్చింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి, నువ్వు పాడితే వినాలని ఉంది అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. "గాలి కోసం," అన్నాను.

"గాలి కావాలంటే మేడ మీదికి ఎల్లండి," అంది. తర్వాత కత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "స్త్రీల సమాజంలో ఆడంబరం వద్దని చెప్పేది నేను. రేపు టోపీ లేని కారులో నలుగురి మధ్యా ఊరేగితే, ఏ మొహం పెట్టుకుని చెప్పను? మీ డబ్బు, మీ సరదా, కొనుక్కోండి. నేను మట్టుకు ఎక్కను."

ఆవిడ ఎక్కను అంటే ఎక్కదు. అది తెలిసీ కొన్నాను. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

వైశాలి నగర్‌లోని మా ఇంటి ముందు బండి నిలిపిన రోజు, ఆవిడ గుమ్మం దాకా వచ్చి చూసి, "రంగు బాగుంది," అని లోపలికి వెళ్లిపోయింది. ఆ వారమంతా నేను ఒక్కణ్ణే తిరిగాను. కూరల బజారుకి వెళ్లి వస్తుంటే పక్క సీట్లో మునక్కాడల కట్ట. కప్పు లేదు కాబట్టి అవి నిటారుగా నిలబడి గాలికి ఊగేవి. సిగ్నల్ దగ్గర ఒక ఆటో అతను వాటిని చూసి, "సవారీ బాగుంది అంకుల్," అన్నాడు, ఆ కట్టే నా ప్యాసింజర్ అన్నట్టు. నేను నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఎవరు ఏ వాహనం కొన్నా, సైకిలైనా సరే, మొదటి ఆదివారం ఆరాధన తర్వాత మందిరం ముందుకు తెస్తారు. అందరూ చుట్టూ నిలబడి కళ్లు మూసుకుంటారు. పాస్టరుగారు ప్రార్థిస్తుంటే సంఘపెద్ద ఒకరు ఒలీవ నూనె పోస్తారు. స్కూటరుకైతే హెడ్‌లైటు మీద, కారుకైతే పైకప్పు నడిమధ్యన. ఆ తర్వాత మొదటి ప్రయాణం సంఘంలో అందరికంటే పెద్ద వయసు వారిది. వారిని ఇంటి దగ్గర దించి వచ్చాకే అది సొంతదారుడి బండి.

మా స్కూటరుకూ అలాగే జరిగింది. అప్పటి సంఘపెద్ద ధారాళంగా పోసేశారు. నూనె సీటు మీద కూడా ఒలికింది. అది చూడకుండా, పెద్దవారు ఎక్కకముందే, మా ఆవిడ పెళ్లి పట్టుచీరతో ఫొటో కోసం దాని మీద కూర్చుంది. ఆ చీర మరక కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. నాకు సంఘ పెద్దరికం ఇచ్చి నూనె సీసా చేతికిచ్చిన రోజున ఆవిడ మొట్టమొదట అన్నది, "మీరైనా చూసి పొయ్యండి," అనే.

ఆ ఆదివారం ఆవిడ కోహ్కా మామ్మగారిని తీసుకుని ఆటోలో వచ్చింది. మామ్మగారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ముసలైన మనిషి. మా సంఘంలో ఆమెకంటే పెద్దవారు లేరు. ఆరాధన అయ్యాక అందరూ నీలం బండి చుట్టూ చేరారు. ఎండ తగులుతోందని నేనే కప్పు మూసి ఉంచాను. సీసా నా చేతిలోనే ఉంది. పాస్టరుగారు ఇంకొకరికి ఇద్దామా అన్నట్టు చూశారు. ఎన్నో బళ్లకు పోసిన చేయి, నా బండికి ఇంకొకరెందుకు అనుకున్నాను.

ప్రార్థన మొదలైంది. కళ్లు మూసుకున్నాను. రాతిని తలగడ చేసుకుని పడుకుని, తెల్లవారి లేచి దాని మీద నూనె పోసిన బైబిల్లోని పితరుణ్ణి పాస్టరుగారు గుర్తు చేశారు. నాకు మనసు నిండింది. ఇనుప కప్పుల మీద ఎప్పుడూ ఎలా పోస్తానో అలాగే, అంతే పోశాను. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి, నూనె లేదు. గుడ్డ తాగేసింది. పూరీ అంత మరక, చూస్తుండగానే చపాతీ అంత అయింది.

ఉద్యోగమంతా నూనెతో గడిపినవాణ్ణి. నేల మీద చుక్క పడితే కుర్రాళ్లను కేకలేసినవాణ్ణి. ఆ క్షణంలో సీసా మూత కూడా పెట్టలేకపోయాను.

ఎవరో రుమాలుతో అద్దారు. ఎవరో చంటిపిల్ల సంచిలోంచి పౌడరు తెచ్చి చల్లారు. నల్ల గుడ్డ మీద తెల్ల పౌడరు, దాని కింద నూనె. రుద్దిన కొద్దీ పెరిగింది. పాస్టరుగారు, "బ్రదర్, నేను చెప్పాల్సింది," అన్నారు. ఆయన తప్పేముంది?

అప్పుడు వెనక నుంచి నవ్వు వినిపించింది. మా ఆవిడది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఆపుకోలేకపోతోంది.

"అప్పుడు నా చీర, ఇప్పుడు మీ కారు," అంది. "ఇంక ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అనక్కర్లేదు."

మామ్మగారు కర్ర తాటించుకుంటూ వచ్చి మరకను దగ్గరగా చూసింది. "దీనికింత గోలేటి? ఈ టోపీ మడతపడతాదన్నావు కదా నాయినా. మడిసీ. మరక లోనికి పోద్ది."

మీట నొక్కాను. కప్పు లేచి, మడతపడి, మరకతో సహా మూత కిందికి వెళ్లిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మామ్మగారిని ఇద్దరం పట్టి కూర్చోబెట్టాం. ఆమె సీటు సర్దుకుని, మా ఆవిడ వైపు చూసి, "నువ్వు ఎక్కనన్నావటగా. అయితే ఈ సీటు నాకు రాసిచ్చీయమ్మా," అంది.

"ముందు మీరు ఎల్లి రండి మామ్మగారూ, తర్వాత సూద్దాం," అంది మా ఆవిడ. నవ్వు తడి ఇంకా కళ్లలోనే ఉంది.

మామ్మగారిని కోహ్కాలో దించాను. దిగేటప్పుడు, "రైలు గుమ్మంలో కూకున్నట్టుంది నాయినా," అంది. తిరిగి వచ్చేసరికి మందిరం ఖాళీ అయింది. మెట్ల మీద మా ఆవిడ ఒక్కతే, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. ఆటో పిలవలేదు.

బండి ఆపి దిగి తలుపు తెరిచాను. "కప్పు మూసేయనా? అప్పుడు ఎవరూ చూడరు," అన్నాను.

ఆవిడ మెట్లు దిగి వచ్చింది. "మూస్తే ఆ మరక కనిపిస్తాది. అందరూ అదే సూస్తారు. ఉంచండి అలాగే." సీటు వైపు వీపు పెట్టి, నా చేయి పట్టుకుని, ముందు కూర్చుని తర్వాత కాళ్లు ఒక్కొక్కటే లోపలికి తీసుకుంది. "ఇది కూకోడం కాదు, పడిపోడం," అంది. కొంగు తల మీద కప్పుకుని చివర దోపుకుంది, స్కూటర్ రోజుల్లోలాగే.

సెక్టార్ రోడ్డు. చెట్ల నీడ ముఖం మీద పడుతూ పోతూ ఉంది. ఆవిడ నలుగురూ చూస్తున్నారేమోనని చూస్తోంది అనుకున్నాను. తర్వాత అటు తిరిగితే, పెదవులు కదులుతున్నాయి.

ఆవిడ నా ఎడమ వైపు ఉంది.

ఇన్ని వారాలుగా కోరుకున్నది పక్కనే జరుగుతోంది, నాకు గాలి మాత్రమే వినిపిస్తోంది. పెదవుల కదలికను బట్టి ఏ కీర్తనో తెలుసుకున్నాను. మనసులో ఆమెతో పాటు పాడుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆవిడ నా వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఏటి?" అన్నాను.

"వినబడతందా అని," అని గట్టిగా అంది.

అవునని చెప్పబోయాను. సంఘపెద్దని, అందులోనూ ఆదివారం. "లేదు," అన్నాను. "ఎడమ చెవి. దీన్ని నీ పాట కోసమే కొన్నాను. ఈ చెవి సంగతి లెక్కలోకి తీసుకోలేదు."

ఆవిడ చుట్టూ చూసింది. పక్కన ఒక ఆటో, అటు వైపు స్కూటర్ మీద తండ్రీ కూతుళ్లు, వెనక బస్సు. ఆవిడ కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, మొదటి చరణం మళ్లీ ఎత్తుకుంది. ఈసారి మందిరంలో కూడా అంత గట్టిగా పాడి ఉండదు. ఆటో అతను తల బయటికి పెట్టి చూశాడు. స్కూటర్ మీద పిల్ల చూసింది. ఆవిడ ఆపలేదు. పచ్చ లైటు వచ్చినా నేను కదలలేదు. వెనక బస్సు హారన్ కొడితే కదిలాను.

వైశాలి నగర్ మలుపు తిరిగి, మా గేటు కనిపించేసరికి ఇంకో చరణం మిగిలి ఉంది. నేను ఆపకుండా ముందుకు పోయి పక్క వీధిలోకి తిప్పాను.

ఆవిడ చరణం మధ్యలో ఆగి, నా కుడి చెవికి కూడా చేరేటంత గట్టిగా అంది, "ఈ బుద్ధి మీకింకా పోలేదన్నమాట."

తర్వాత ఆపిన చోటి నుంచే ఎత్తుకుంది.