వేలెడంత ఖాళీ

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అది అబద్ధం. తప్పు నాది కాదని గట్టిగా తెలిసినప్పుడే నాకు కోపం వస్తుంది. చిక్కేమిటంటే, తప్పు నాది కాదని నాకు ఎప్పుడూ గట్టిగానే తెలిసి ఉంటుంది.

తమిళనాడులోని బోడినాయకనూరులో ఒక ఏలక్కాయల వ్యాపారి ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. రోజూ పొద్దున ధరల మెయిల్ పంపడం నా పని. వర్డ్‌లో ఒకే ఒక ఉత్తరం రాసుకుని, ఎక్సెల్ పట్టికలో ఉన్న పేర్లనూ చిరునామాలనూ దానికి తగిలిస్తే, రెండు వందల మందికి ఎవరి పేరుతో వాళ్లకు ఉత్తరం పోతుంది. దాన్నే మెయిల్ మెర్జ్ అంటారు. పేరు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు రావడం, ఉత్తరాలు అవుట్‌బాక్స్‌లో కూర్చుని కదలకపోవడం, తేదీలో నెలా రోజూ తారుమారు కావడం, ఇవన్నీ నాకు దోమకాట్లతో సమానం. మా వీధిలో మిగతా ఆఫీసుల వాళ్లు కూడా ఇలాంటి తంటా వస్తే నన్నే పిలుస్తారు. నేను వెళ్లి, ముందు వాళ్లను తిట్టి, తరువాత సరిచేసి వస్తాను.

అందుకే మా ఇలవేల్పు అయిన ఇంటి దేవర పూజకు పిలుపులు మెయిల్‌లో పంపాలనుకున్నప్పుడు మా పెద్దమామ నా దగ్గరికే వచ్చారు. ఆయన మా మామగారి అన్న, అత్తవారి వంశానికి పెద్ద. మూడేళ్లకొకసారి చిన్నమనూరు పక్కన ద్రాక్ష తోటల నడుమ ఉన్న మా దేవర గుడిలో ఆ పూజ జరుగుతుంది. ఒకప్పుడు ఇంటింటికీ వెళ్లి తమలపాకులిచ్చి పిలిచేవారు. ఇప్పుడు నలభై మూడు ఇళ్లు నలభై మూడు దిక్కుల్లో ఉన్నాయి. వాట్సాప్‌లో పంపేద్దామని ఎవరో అన్నారట. జోకుల మధ్య, చీరల ఫొటోల మధ్య దేవర పత్రిక పడి ఉండడం మర్యాద కాదని పెద్దమామ ఒప్పుకోలేదు. మెయిల్ అంటే ఆయనకు ఆఫీసు కాగితంతో సమానం.

ఆయన తెచ్చిన నోటుబుక్కులో ఒక వైపు ఇళ్ల పేర్లు, పెద్దరికం వరసలో. ఇంకో వైపు ఆ ఇంటికి వచ్చే దేవర పని. ఒక ఇల్లు పసుపు దంచాలి, ఒక ఇల్లు బావి నుంచి నీళ్లు తేవాలి, ఒక ఇల్లు మేళం వాళ్లకు అన్నం పెట్టాలి. మొదటి దీపం పెట్టేది పెద్దింటివాళ్లు, అంటే పెద్దమామ. మా వాళ్లకు పూజకు పిలుపు రావడం గొప్ప కాదు, పని రావడం గొప్ప. పని ఉన్న ఇల్లే వంశంలో ఉన్న ఇల్లు.

పేర్లకూ పనులకూ మధ్య వేలెడంత జాగా ఖాళీగా వదిలి, దాని పొడవునా పసుపు రాసి ఉంది. మనుషుల పేర్ల పక్కనే దేవర పని రాయకూడదట. నేను కూడా ఎక్సెల్‌లో అలాగే చేశాను. నోటుబుక్కులోని పెద్దరికం వరస సంఖ్య, పేరు, ఊరు, మెయిల్ చిరునామా, ఆ తరువాత ఒక నిలువు వరస మొత్తం ఖాళీ, దాని తరువాత పని. పెద్దమామ చూసి తల ఊపారు. నాకూ ముచ్చటగానే అనిపించింది.

నోటుబుక్కులో చివరి పేరు మా చిన్నత్తది. పెద్దమామ ఆఖరి తమ్ముడి భార్య. ఆయన పోయి పదకొండేళ్లయింది. కొడుకులు లేరు, ఒక్క కూతురు. ఆ కూతురి దగ్గరే కినత్తుకడవులో కొబ్బరి తోటల పక్కన ఉంటుంది. ఆమె పేరుకు ఎదురుగా పని ఏమీ రాసి లేదు. చిన్నమామ ఉన్నప్పుడు ఆ ఇంటికి దేవర పూలపల్లకి కట్టే పని ఉండేది. ఆయన పోయాక దాన్ని ఇంకో ఇంటికి మార్చారు. ఎవరూ ఏమీ అనలేదు, చిన్నత్త కూడా అడగలేదు. పిలుపు మాత్రం ప్రతిసారీ వెళ్లేది, ఆమె ప్రతిసారీ వచ్చి ఒక మూల కూర్చుని భోంచేసి వెళ్లేది. కోడలిగా వచ్చిన దాన్ని నేనెందుకు నోరు విప్పాలని నేనూ ఊరుకున్నాను. నోరు విప్పకుండా నేను ఊరుకున్న సందర్భాలు తక్కువ. వాటిలో ఇదొకటి కావడం నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మెయిల్ చిరునామాలు అడిగితే అందరికన్నా ముందు వచ్చింది చిన్నత్త కూతురిది. అడిగిన పావుగంటలో పంపింది. అందరికన్నా చివర వచ్చింది పెద్దమామది. ఆయనకు మెయిలే లేదు, మనవరాలు కొత్తగా తెరిచి ఇవ్వాల్సి వచ్చింది. ఏ ఇంటి చిరునామా ముందు వస్తే ఆ ఇంటి పేరూ పనీ ముందుగా టైప్ చేసుకుంటూ పోయాను. మా వాళ్లు మాట్లాడేది తెలుగే అయినా చదివేది తమిళం, కాబట్టి తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాశాను. తెలుగు అక్షరాలు నేను పెళ్లయ్యాక పాత వాచకం పెట్టుకుని నేర్చుకున్నాను. అంత ఓపిక మా ఇంటిలో ఇంకెవరికీ లేదు. మొదటి ఉత్తరం ఎలా ఉందో చూశాను. అది చిన్నత్తది. పని అన్న చోట ఖాళీ. సరిగ్గానే ఉంది.

పంపే ముందు పెద్దమామ ఆఫీసుకు వచ్చి, నా వెనక నిలబడి, తెర మీదికి వంగి చూశారు.

“ఏమ్మా, ఇది యాల ఇట్ల ఉండాది? కడసీ ఇల్లు మేల, పెద్దిల్లు కింద. మొదటి పత్రిక పెద్దింటికి కదా పోవాల?”

“అన్నీ ఒకే నిమిషంలో పొయ్యేస్తాది మామా. ముందర, వెనకాల అని ఏమీ లే.”

“నీ మిషన్‌కి లేకపోతే పోనీ. మనకి ఉండాది.”

నాకు చిర్రెత్తింది. మూడు సెకన్ల తేడా కోసం ఇంత రాద్ధాంతమా అనుకుంటూ, వరస సంఖ్య ప్రకారం సర్దమని ఒక్క మీట నొక్కాను. పెద్దమామ పేరు పైకి వచ్చింది, చిన్నత్త పేరు కిందికి పోయింది. “సరే, ఇప్పుడు బాగుండాది,” అన్నారు ఆయన. నేను మళ్లీ చూసుకోకుండానే పంపేశాను.

మర్నాడు పొద్దున్నే చిన్నత్త ఫోన్ చేసింది. ఆమె మామూలుగా నాకు ఫోన్ చేయదు.

“ఏమ్మా, నేను, కినత్తుకడవు అత్త. మెయిల్ వచ్చింది. బిడ్డ చదివి చెప్పె. మొదటి దీపం నేను పెట్టాలంట కదా? నిజంగా బావ చెప్పినారా?”

ఆమె గడి ఖాళీ అని నాకు తెలుసు. కానీ పెద్దమామ మార్పించారేమో, నేనే మరచిపోయానేమో అనుకున్నాను. అంతకన్నా ముందు నా పొగరు నోరు తెరిచింది.

“నా మెయిల్ తప్పు పోదు అత్తా. ఏముంటే అదే.”

“సరిమ్మా, సరి,” అని ఆమె పెట్టేసింది. ఆ రెండు మాటల్లో ఏడుపు ఉంది.

ఆఫీసుకు చేరేసరికి ఇంకో ఆరు ఫోన్లు. మదురైలో మోకాళ్ల నొప్పితో లేవలేని పెద్దాయనకు బావి నీళ్లు మోసే పని పడింది. వంట గదిలోకి ఎన్నడూ అడుగు పెట్టని బ్రహ్మచారికి పసుపు దంచే పని. తప్పు వాళ్ల ఫోన్లదని మొదటి ఇద్దరికీ గట్టిగా చెప్పాను. మూడో ఫోన్‌కు నా గొంతు తగ్గింది. పట్టిక తెరిచి చూశాను. చూడగానే తల కొట్టేసినట్టయింది.

పేర్లకూ పనులకూ మధ్య నిలువునా ఖాళీ ఉంటే, ఎక్సెల్ అవి రెండు వేరు వేరు పట్టికలనుకుంటుంది. సర్దమంటే ఇవతలి దాన్ని మాత్రం సర్ది, అవతలి దాన్ని తాకదు. పేర్లూ చిరునామాలూ పెద్దరికం వరసలోకి మారాయి. పనులు నేను టైప్ చేసిన వరసలోనే ఉండిపోయాయి. అందరికన్నా ముందు చిరునామా పంపిన చిన్నత్త ఖాళీ గడి, మొదటి వరసలోకి వచ్చిన పెద్దమామకు అంటుకుంది. అందరికన్నా చివర పంపిన పెద్దమామ దీపం, చివరికి పోయిన చిన్నత్తకు దక్కింది. ఆఫీసు పట్టికల్లో నేను ఎప్పుడూ ఖాళీ వరస వదలను. ఎవరైనా వదిలితే తిడతాను.

సరిచేయడానికి గంట పట్టింది. ఖాళీ వరస తీసేసి, పనులను నోటుబుక్కుతో పోల్చి, ఒక్కొక్క ఉత్తరం తెరిచి చూసుకున్నాను. సవరణ ఉత్తరం సిద్ధమైంది. కానీ పంపలేకపోయాను. చిన్నత్తకు ఈసారి వెళ్లేది ఆ ఖాళీ గడే. పదకొండేళ్లుగా ఆమెకు లేనిదాన్ని ఇచ్చి, ఒక్క రోజు ఉంచుకోనిచ్చి, లాక్కోవాలి. ముందుగా నోటితో చెప్పడం కనీస మర్యాద అనుకుని ఫోన్ తీశాను.

“అత్తా, పొద్దున నేను చెప్పింది తప్పు. కంప్యూటర్‌లో వరస మారిపోయింది. దీపం మీకి రాలే.”

“తెలుసుమ్మా,” అన్నది ఆమె.

సవరణ ఉత్తరం ఉన్న తెరను నేను పక్కకు తిప్పేశాను.

“బిడ్డ చదవతానే తెలుసు. నాకి యాడ దీపం ఇస్తారు? అయినా నీకి ఫోన్ చేస్తి. నువ్వు లేదని చెప్పేదాకా ఉండనీ అనుకొంటి. నువ్వు తప్పు పోదు అంటివి. అప్పుడింక బీరువా తీసి ఆయన కొనిచ్చిన చీర ఎండకి పెడితి. పరవాలే, మడిచి పెట్టేస్తా. నువ్వు బాధపడవద్దు.”

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఫోన్ పెట్టేసి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆఫీసులో నేను ఏడవడం ఎవరూ చూసి ఉండరు.

అప్పుడే పెద్దమామ వచ్చారు. చేతిలో మనవరాలి ఫోన్, ముఖం ఎర్రగా ఉంది. నా కళ్లు చూసే స్థితిలో ఆయన లేరు.

“ఏమ్మా ఇది? మీ ఇంటికి వచ్చిన పని అని రాసి, దాని వెనక ఏమీ లే. నేనేమి చచ్చిపోయినానా? వంశంలో నేను లేనా?”

నాకు కోపం వచ్చింది. తప్పు నాదేనని తెలిసీ కోపం రావడం నాకు అదే మొదటిసారి.

“ఆ గడి మీది కాదు మామా. చిన్నత్తది. తప్పి మీకి వచ్చె. ఆమెకి పదకొండేండ్లుగా అట్లనే పోతా ఉండాది.”

ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఫోన్‌ను మళ్లీ చూసుకున్నారు. జరిగిందంతా నేను వరసగా చెప్పాను. దీపం ఎవరికి వెళ్లిందో, పొద్దున నేను ఏం వాగానో, ఇప్పుడు ఆమె ఏమన్నదో, ఎండకు పెట్టిన చీర సంగతి కూడా. టీ తెప్పించాను, తాగలేదు.

“దీపం ముత్తైదువలు పెట్టేది, లేకపోతే మగవాళ్లు పెట్టేది,” అన్నారు. నాకు చెప్పినట్టు లేదు. తరువాత, “మిగిలినవాళ్లకి సరిచేసి పంపు. ఇయ్యాలే పంపు,” అన్నారు.

“చిన్నత్తకి?”

“ఆమెకి పంపవద్దు.” లేచి తలుపు దాకా వెళ్లి ఆగారు. “నాకీ వద్దు. వచ్చింది వచ్చినట్ల ఉండనీ.”

మెయిల్ మెర్జ్‌లో ప్రతి పేరు పక్కనా ఒక టిక్కు ఉంటుంది. అది తీసేస్తే ఆ మనిషికి ఉత్తరం పోదు. రెండు టిక్కులు తీసేసి, నలభై ఒక్క ఉత్తరాలు పంపాను.

పూజ రోజు చిన్నత్త మెరూన్ రంగు చీర కట్టుకుని వచ్చింది. మడతల దగ్గర కొంచెం వెలిసిపోయి ఉంది. దీపం దగ్గరికి ఆమెను పిలిచినప్పుడు మగవాళ్లలో గొణుగుడు మొదలైంది. ఒకాయన లేచి పెద్దమామ దగ్గరికి వచ్చి ఏదో అడగబోయాడు. “పత్రికలో ఉండాది కదా,” అన్నారు పెద్దమామ. ఇంకేమీ చెప్పలేదు.

ముప్పై ఏళ్లుగా ఆ సమయానికి ఆయన చేతిలో వెలుగుతున్న ఒత్తి ఉండేది. ఇప్పుడు చేతులను ఏం చేయాలో ఆయనకు తెలియడం లేదు. వెనక్కి కట్టుకున్నారు, విప్పారు, కండువా సర్దుకున్నారు. చూస్తున్న నాకే ఇబ్బందిగా ఉంది. చిన్నత్త రెండుసార్లు ప్రయత్నించింది. ఒత్తి అంటుకోలేదు.

మా వంశంలో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది, ఏదైనా చెప్పాలంటే ఇంకొకరితో చెప్పిస్తుంది. ముప్పై అయిదేళ్లుగా చిన్నత్త అలాగే ఉంది. ఇప్పుడు తల తిప్పి సూటిగా ఆయన్నే చూసింది.

“బావా, ఒత్తి తడవలే. కొంచెం నూనె పోయండ.”

పెద్దమామ గబగబా వచ్చి, నూనె గిన్నె అందుకుని, ఆమె పక్కన కూర్చున్నారు.