రూర్ సీమ గురించి ఇరవై పేజీలు

నేను ఇంతవరకూ జర్మనీ గడ్డ మీద కాలు పెట్టలేదు. అయినా ఆ దేశంలోని రూర్ అనే సీమ గురించి ఇరవై పేజీల తెలుగు పుస్తకం రాశాను. రాశాను అనడం కూడా పూర్తి నిజం కాదు. నేను రాసినదాంట్లో అచ్చుకెక్కింది ఎంత, చెత్తబుట్టకు పోయింది ఎంత అనే లెక్క తలచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బెంగళూరు బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో సాయంకాలం క్లాసులకు వెళ్లి జర్మన్ నేర్చుకున్నాను. ఆ ఉద్యోగం మానుకుని సొంత ఊరు బళ్లారికి వచ్చేశాక ఆ భాషే నాకు కూడు పెట్టింది. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీల వైపు దిగే జర్మన్ యంత్రాల వెంట లావుపాటి పుస్తకాలు వస్తాయి. వాటిని ఇంగ్లీషులోకీ కన్నడంలోకీ తెలుగులోకీ మార్చి ఇస్తాను. ఏ బోల్టు ఎంత బిగించాలి, ఏ వాల్వు ముందు తిప్పాలి, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు. ఏళ్ల తరబడి ఇదే రాసి రాసి నా వాక్యాలు కూడా బోల్టుల్లాగే తయారయ్యాయి.

అందుకే ఒక కాంట్రాక్టు కంపెనీ ట్రైనింగ్ ఆఫీసరు ఫోన్ చేసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. తమ పనివాళ్లు ఇరవై మంది మూడు నెలల శిక్షణకు రూర్ పోతున్నారట. ఆ ప్రాంతం చరిత్ర, అక్కడివాళ్ల బతుకుతెరువు, చూడదగ్గ చోట్లు చెప్పే చిన్న పుస్తకం తెలుగులో కావాలట. ఆధారంగా ఒక ఇంగ్లీషు బ్రోచరు పంపాడు. అందులో ప్రతి ఊరూ ఉత్సాహంతో ఉప్పొంగుతూ ఉంది, ప్రతి వంతెనా మనసు దోచుకుంటూ ఉంది. రెండు పేజీలు చదివి పక్కన పడేశాను. నాకు చదవడం వచ్చు కదా అని జర్మన్‌లో దొరికినవన్నీ మూడు వారాలు కూర్చుని చదివాను.

చదివేకొద్దీ అది పరాయి సీమలా అనిపించలేదు. భూమి కింద బొగ్గు, భూమి మీద ఇనుము కరిగించే కొలుములు, ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చి స్థిరపడ్డ జనం. ఊళ్లకు ఊళ్లు మసి. తర్వాత బొగ్గు తవ్వడం గిట్టుబాటు కాక గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అక్కడివాళ్లు వాటిని పూర్తిగా తుడిచెయ్యలేదు. డూయిస్‌బుర్గ్‌లో చల్లారిపోయిన కొలిమి మీదికి జనం మెట్లెక్కి పోయి ఊరు చూస్తారు. పాత గ్యాసు ట్యాంకులో నీళ్లు నింపి అందులో డైవింగ్ నేర్చుకుంటారు. గనుల్లోంచి తీసి పక్కన పోసిన రాళ్ల గుట్టలకు గడ్డి మొలిపించి ఆదివారాలు వాటి మీద నడుస్తారు. దాదాపు నూరేళ్లు మురుగు మోసిన ఎమ్‌షర్ అనే ఏటిని మళ్లీ ఏరుగా మార్చుకున్నారు.

నన్ను బాగా పట్టుకున్నవి రెండు. ఒకటి, గని కార్మికులు బట్టలు మార్చుకునే హాలు. అందులో బీరువాలు ఉండవు. ఎవడి బట్టలు వాడు ఒక కొక్కేనికి తగిలించి, గొలుసు లాగి పైకప్పు దాకా ఎక్కించేవాడు. రెండోది పంపులు. తవ్వీ తవ్వీ ఆ నేల చాలాచోట్ల కుంగిపోయింది. పంపులు ఆపితే వీధులు వీధులే మునుగుతాయి. అందుకని గనులు మూసినా పంపులు మాత్రం ఎప్పటికీ తిప్పుతూనే ఉండాలి. మా ఇనుప గనుల ఎర్రదుమ్ములో కంపెనీ బస్సెక్కి పనికి పోయే మనిషి చదవాల్సింది ఇదే అనుకుని దాని మీద ఒక అధ్యాయమే రాశాను. చాలా రోజుల తర్వాత నా రాత నాకే నచ్చింది.

ట్రైనింగ్ ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్న కుటుంబంలో, సిరుగుప్ప వైపు అలాంటి వలస రైతుల క్యాంపులో పుట్టి పెరిగినవాడు. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడతాడు. పిలిస్తే వెళ్లాను. నా కాగితాలు అతని బల్ల మీద ఉన్నాయి. సగానికి పైగా పేజీల మీద అడ్డగీతలు.

“మేడం, ఇదంతా యాకె, ఎందుకు? మూసేసిన గనులు, కుంగిపోయిన నేల... పోయేవాళ్లు భయపడతారు. చదివితే ఖుషీగా ఉండల్ల.”

మంచు ఎక్కడ, కోట ఎక్కడ, గడియారాల అంగళ్లు ఎక్కడ అని అడిగాడు. రూర్‌లో చిన్న చిన్న కోటలు ఉన్నాయి, రాశాను కూడా, చూడమన్నాను. అవి కంటికి ఆనవంటాడు. చివరికి చరిత్ర ఒక పేజీకి, బతుకుతెరువు అర పేజీకి కుదించాడు. పంపుల అధ్యాయం మొత్తం పోయింది. మిగిలిన చోటంతా బొమ్మలు. అట్ట మీద ఎత్తయిన కొండ, మంచు, దాని మీద తెల్లటి కోట.

ఆ కోట దేశానికి దక్షిణపు కొసలో, కొండల దగ్గర ఉంది, రూర్‌కూ దానికీ సంబంధమే లేదు అని చెప్పాను. అతను తల ఊపాడు. మైసూరు ప్యాలెస్ బొమ్మ వేసి బళ్లారి చూడ రండి అన్నట్టు ఉంటుందని చెప్పాను.

“అదీ మన రాష్ట్రమే గదా మేడం” అన్నాడు.

ఇంటికి వచ్చి రెండు మెయిళ్లు రాశాను. జవాబు రాలేదు. పుస్తకం అచ్చయింది.

ప్రయాణానికి వారం ముందు ఆ ఇరవై మందికి అరగంట మాట్లాడమని నన్ను పిలిచారు. షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. ముఖాల నిండా అలసట. నేను రూర్ చరిత్ర మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకే ఒకాయన చెయ్యెత్తి అక్కడ సోనామసూరి దొరుకుతుందా అని అడిగాడు. ఇంకొకాయనకు పెరుగు సంగతి కావాలి. ఊరగాయ సీసా విమానంలో ఎక్కనిస్తారా అన్నది మూడో ప్రశ్న. నాకు లోపల్లోపల కోపం. మూడు నెలలు పరాయి దేశంలో ఉండేవాడు అన్నం గురించి అడగక ఇంకేమి అడుగుతాడు అని తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పటికి మాత్రం ఎవరైనా ఒక్కరు, ఒక్క మంచి ప్రశ్న వెయ్యరా అని ఉడికిపోతున్నాను.

వేసింది వెనక బెంచీలో కూర్చున్న క్రేన్ ఆపరేటరు. నలభై దాటి ఉంటాయి. హగరి ఏటి వైపు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం అతనిది.

“గనులు మూసిరి అంటివి గదక్కా. అండ్ల పన్జేసేవాళ్లంతా యాడికి పోయిరి?”

నేను చెప్పబోయాను. కొందరికి ముందే పెన్షను ఇచ్చారని మొదలుపెట్టేసరికి ఆఫీసరు లేచి, బస్సు టైమయిందని అందరికీ నమస్కారం పెట్టేశాడు. బస్సు నిజంగానే బయలుదేరుతోంది. అతన్ని అనడానికి కూడా లేదు. బస్సు దగ్గర ఆ క్రేన్ ఆపరేటరు నా నంబరు తీసుకున్నాడు. మర్నాడు పొద్దున, కొట్టేసిన పేజీలన్నీ ఫోనులో పంపాను.

మూడు నెలల తర్వాత, తిరిగొచ్చిన మొదటి వారంలోనే, అతను వీక్లీ ఆఫ్ రోజు మా ఇంటికి వచ్చాడు. అక్కడ మొదటి ఆదివారం జరిగింది చెప్తుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై మందీ కొత్త స్వెట్టర్లు వేసుకుని స్టేషనుకు పోయి, టిక్కెట్లిచ్చే ఆమెకు మా పుస్తకం అట్ట చూపించారట. ఆమె ఇంకొకామెను పిలిచిందట. ఇద్దరూ చూసి, ఇది పొద్దున బయలుదేరితే సాయంత్రానికి చేరే చోటు అన్నారట. ఆ రోజంతా స్టేషను బయట బెంచీల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని రూములకు పోయారు.

తర్వాతి ఆదివారం అతను నా పేజీలు చూపించి రమ్మంటే నలుగురే కదిలారు. ఐదుగురూ కలిసి ఎస్సెన్‌లోని మూతపడ్డ గనికి వెళ్లారు. అక్కడ దారి చూపించే ముసలాయన ఒకప్పుడు గని మనిషే.

“పైకి చూస్తే అన్నీ కొక్కేలేనక్కా” అన్నాడు క్రేన్ ఆపరేటరు. “కొన్నిటికి ఇంగా బట్టలు ఏలాడతాండాయి. ఆ పెద్దాయప్ప తన కొక్కెం నంబరు చూపిచ్చె. ఆడ్నే నేను నిన్నడిగింది ఆయప్పను గూడా అడిగితి, ఫోన్లో తర్జుమా చేసుకుంటా.”

ఆయన చెప్పాడట. తనకు ఈ పని దొరికిందని, అన్న బస్సు డ్రైవరయ్యాడని, తమ్ముడు మాత్రం ఏ పనిలోనూ కుదురుకోలేక పావురాలు సాకుతూ ఇంట్లోనే ఉండిపోయాడని. తమ్ముడి మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడట.

అతను వెళ్లాక ఆగలేక ఆఫీసరుకు ఫోన్ చేశాను. రెండో జట్టు పోయే ముందైనా అట్ట మార్చమని, కనీసం నాలుగు పేజీలు తిరిగి చేర్చమని అడిగాను. పుస్తకాలు అప్పుడే అచ్చయిపోయాయన్నాడు. అట్ట అందరికీ బాగా నచ్చిందని కూడా చెప్పాడు. స్టేషను బెంచీల సంగతి చెప్తే, అట్లనా, నాకు ఎవురూ చెప్పలేదే అన్నాడు. ఇరవై మందిలో ఒక్కరూ చెప్పి ఉండరు. అది నేను నమ్ముతాను. ఫోను పెట్టేశాక చాలాసేపు వంటింట్లో గిన్నెలు అవసరం కంటే గట్టిగా తోమాను.

రెండు నెలలకు క్రేన్ ఆపరేటరే మళ్లీ ఫోన్ చేశాడు. రూర్‌లో వాళ్లకు పని నేర్పిన ఇంజనీరమ్మ రెండు వారాల కోసం తోరణగల్లు వస్తోందట. మీ సీమలో చూడాల్సినవి ఏమున్నాయని ముందుగానే అడిగిందట.

“ఆమెకు ఏం పంపల్లో తెలుస్తలేదక్కా. నువ్వు ఆయమ్మ బాసలో నాలుగు పేజీలు రాసియ్యి.”

ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఒక సీమను ఎట్లా పరిచయం చెయ్యాలో ఇప్పుడు చూపిస్తాను అనుకున్నాను. కూర్చుంటే మొదటి వాక్యమే రాలేదు. హంపి రాద్దామంటే అది జిల్లాలు చీలినప్పుడు పక్క జిల్లాకు పోయింది. సంగనకల్లు రాద్దామని, ముందు నేను సరిగ్గా చూడాలి కదా అని ఆటోలో వెళ్లాను. వేల ఏళ్ల కింద రాతి గొడ్డళ్లు చేసుకున్న మనుషులు బతికిన గుట్టలవి. నాకు ఆ రోజు దారి చెప్పే బోర్డు ఒక్కటీ కనిపించలేదు. టీ అంగడాయన గుడి వైపు పంపాడు, గుడి దగ్గరివాళ్లు మళ్లీ టీ అంగడి వైపు పంపారు. రెండోసారి వెళ్తేగానీ రాళ్ల మీద గీసిన ఎద్దుల బొమ్మలు చూడలేకపోయాను.

ఇంటికొచ్చి రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను. మూడో ప్రతి చదువుకుంటే బళ్లారి కోట అర పేజీ ఉంది, సంగనకల్లు ఒక పేజీ ఉంది, ఖనిజం తవ్విన కొండలూ, లారీలూ, దుమ్మూ ఒక్క వాక్యంలో ఉన్నాయి. ఎవరూ గీత కొట్టలేదు. అతిథి కదా, ఇవన్నీ ఎందుకులే అని నేనే తగ్గించుకుంటూ వచ్చాను. ఆఫీసరు మీద ఇన్నాళ్లూ పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిరగరాశాను. కొండల గురించి ఒక పేజీ నిండా రాశాను. అది అంత బాగా రాలేదు, కానీ ఉంచాను.

పంపేముందు క్రేన్ ఆపరేటరుకు తెలుగులో చదివి వినిపించాను. హగరి ఏటి ఒడ్డున పచ్చటి పొలాలు అన్న చోట ఆపాడు.

“ఏట్లో నీళ్లు యాడుండాయక్కా? ఎక్కువ నెలలు ఇసకే. ఆయమ్మ నీళ్లు చూడాలని పోతే ఎట్ల?”

కోపమొచ్చింది, కానీ మాట నిజం. ఇసక అని మార్చాను.

ఇంజనీరమ్మ వచ్చింది. ఆఫీసరు ఆమె సెలవు రోజులన్నింటికీ ముందే కార్యక్రమం వేసిపెట్టాడు: కారు, హంపి, చీరల అంగడి. చీరల అంగడి రోజు ఆమె వద్దని చెప్పి నాతో, క్రేన్ ఆపరేటరుతో కలిసి సంగనకల్లు వచ్చింది. ఆమెది కూడా గని మనుషుల ఇల్లేనట, గుట్ట ఎక్కుతూ చెప్పింది. పైన ఒక నల్ల బండను చిన్న రాయితో తడితే గంట మోగినట్టు మోగింది. ఆమె మళ్లీ మళ్లీ తట్టింది. క్రేన్ ఆపరేటరు చెవి ఆనించి విన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఇంత దగ్గర ఉండి ఇది నాకు తెలీదే అన్నాడు.

దిగేటప్పుడు రెండు దారులు కనిపిస్తే కుడి పక్కది పట్టి తప్పిపోయాం. ముళ్లకంపల్లో చిక్కుకుని ముప్పావు గంట తిరిగాం. అతిథి చేతుల నిండా గీరలు. నేను సిగ్గుతో, చిరాకుతో మాటిమాటికీ క్షమించమంటుంటే ఆమె చొక్కా చేతికి గుచ్చుకున్న ముళ్లు తీసుకుంటూ నడిచింది. మేకలు తోలుకుపోతున్న ఒకామె మమ్మల్ని రోడ్డు దాకా తెచ్చి వదిలింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే నా నాలుగు పేజీలు తెరిచి, సంగనకల్లు దగ్గర ఒక వాక్యం చేర్చాను. దిగేటప్పుడు రెండు దారులు కనిపిస్తాయి, ఎడమ పక్కది పట్టండి.