మా గోడ మీద అవ్వ పిడకలు

ఎదురింటి అవ్వ పోయిన సంగతి మనుషుల కన్నా ముందు ఆమె బర్రెలు చెప్పాయి. పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే కొట్టంలోంచి ఒకటే అరుపులు. పాలు పిండే వేళ దాటిపోతోందని వాటికి తెలుసు, నాకు తెలియలేదు. కాసేపటికి అవ్వ కొడుకు ఖాళీ బకెట్ పట్టుకుని బయటికొచ్చి, ఎటు పోవాలో తోచనట్టు గల్లీ మధ్యలో నిలబడ్డాడు.

"అమ్మ లేస్తలేదు చెల్లె," అన్నాడు. "నిద్రల్నే పోయినట్టుంది."

నేను చీపురు కింద పెట్టి కొట్టం వైపు నడిచాను. ఎందుకో మొదట ఆమె దగ్గరికి పోలేకపోయాను. బర్రెల ముందు గడ్డి వేశాను. ఆ తరువాతే లోపలికి పోయి ఆమెను చూశాను. అవ్వ ఉంటే ఆ వరుసలోనే చేయమనేది.

ఇది చదివేవాళ్లలో ఆమె పాలు తాగినవాళ్లు కొందరైనా ఉంటారు. సంతోష్‌నగర్ నుంచి సైదాబాద్ దాకా కొడుకు బండి మీద పోసి వచ్చేవాడు. మా గల్లీకి మాత్రం ఆమే స్వయంగా పోసేది. కాళ్లకు వెండి కడియాలు, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన చీర, చంకలో క్యాను. ఆమె వస్తుంటే కడియాల చప్పుడు ముందు వచ్చేది.

నేను పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మాది చిన్న ఊరు. ఏడో తరగతితో చదువు ఆగింది. ఇక్కడివాళ్లు తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించే మాటలు నాకు సగమే అర్థమయ్యేవి. మా ఆయనకు లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పని. పొద్దున పోతే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. అత్తామామలు నేను రాకముందే పోయారు. రోజంతా ఇంట్లో నేనొక్కదాన్నే. అవ్వ "పాలూ" అని పిలిస్తే తలుపు సందులోంచి గిన్నె ఒక్కటే బయటికి చాపేదాన్ని.

ఒకరోజు ఆమె గిన్నెలో పోయకుండా అలాగే నిలబడింది.

"పాలు గిన్నెకు పోస్తున్ననా, మనిషికి పోస్తున్ననా? మొఖం జూపియ్యి పిల్లా. నా బర్రెలు గుడ గింత సిగ్గుపడయి."

వాకిళ్లలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను ఇంకా లోపలికి జరిగాను. కానీ మర్నాడు తలుపు కొంచెం ఎక్కువ తీశాను.

మా పక్క మేడ మీద ఒకామె ఉంటుంది, గల్లీకంతా ఖాలా, అంటే పిన్ని. రోజూ పైనుంచి తాడుతో డబ్బా దించుతూ, "క్యా అమ్మా, ఆజ్ దూధ్ మే పానీ కిత్నా?" అని అడిగేది. పాలల్లో ఇవాళ నీళ్లెన్ని అని. అవ్వ తల ఎత్తకుండానే, "ఇయ్యాల నల్లా నీళ్లు రాలే బేటీ, అన్ని పాలే," అనేది. ఈ ఒక్క మాట ఇద్దరూ ఏళ్లుగా రోజూ చెప్పుకుని, రోజూ కొత్తగా నవ్వేవాళ్లు.

ఇక ఆ వాన గురించి చెప్పాలి.

పొద్దుటి నుంచి ఆగకుండా కురిసింది. సాయంత్రానికి గల్లీ చివర నాలా పొంగింది. నీళ్లు వాకిలి దాటి వస్తాయని నేను తలుపు కింద గోనెసంచులు కుక్కుతున్నాను. నీళ్లు వాకిట్లోంచి రాలేదు. స్నానాల గది మోరిలోంచి నల్లగా పైకి ఉబికి వచ్చాయి. మా ఆయన దుకాణం దగ్గరే చిక్కుకుపోయాడు, ఫోన్ కలవడం లేదు. నేను బియ్యం డబ్బా మంచం మీదికి, పెళ్లి చీరలు డబ్బా మీదికి ఎక్కిస్తూ ఉన్నాను. నీళ్లు నడుము దాకా వచ్చినా సామాన్లే చూస్తున్నాను.

బయట అవ్వ కేక వినిపించింది. బర్రెల తాళ్లు కోసి, వాటిని ఎత్తుగా ఉన్న పెద్ద రోడ్డు వైపు తోలుతోంది. మా తలుపు దగ్గర ఆగింది.

"సామాన్లు ఏం జూస్తున్నవే! బర్రె తోక వట్టుకో! ఇడువకు, రా!"

పట్టుకున్నాను. ఎవరి ముందూ తలెత్తని కొత్త కోడలు కొంగు జారి, జుట్టు విడిపోయి, బర్రె తోక పట్టుకుని గల్లీ అంతా నడిచింది. కింద నేల ఎక్కడుందో నాకు తెలియదు, బర్రెకు తెలుసు.

నీళ్లు తీశాక ఇంటికి వచ్చి చూస్తే, అది మా ఇల్లని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. బియ్యం ఉబ్బి వాసన కొడుతున్నాయి. గోడల మీద నా ఛాతీ ఎత్తున నల్లటి గీత. అన్నిటికన్నా భయపెట్టింది వెనక గోడ. మా మామ కాలంలో మట్టితో కట్టి, పైన గచ్చు పూసిన గోడ అది. నీళ్లు తాగి కడుపు ఉబ్బినట్టు బయటికి వంగింది. రేకుల కప్పు దాని మీదే ఆనుకుని ఉంది.

మా ఆయన దాని ముందు బురదలోనే కూర్చున్నాడు.

"నువ్వు మీ అమ్మోళ్లింటికి పో," అన్నాడు. "గోడ వడితే ఇల్లే లేదు. నేను దుకాణంల పోరగాళ్లతోని పడుకుంట."

లోపల నాకు తెలుసు, ఒకసారి పోతే ఎప్పుడు వస్తానో చెప్పలేనని. ఈ ఇల్లు లేకపోతే మాకిద్దరికీ కలిసి ఉండడానికి ఊళ్లో ఇంకో చోటు లేదు. మా సంసారం అప్పటికి మొదలైనట్టే లెక్క.

మర్నాడు ఆయన సిమెంట్ బస్తా తెచ్చాడు. మేస్త్రిని పిలిచి ఒక్కరోజులో గోడకు గట్టిగా పూత వేయించాలని. అవ్వ ఎదురుగా తన కొట్టంలో బురద ఎత్తిపోస్తూ చూసింది. చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంరా, గోడ తాగిన నీళ్లు లోపట్నే పెట్టి మీద మూత పెడ్తవా?"

"పడిపోతదేమోనని అవ్వా..."

"మూత పెడ్తెనే పడ్తది. దాన్ని కక్కనియ్యి. ఉన్న పూత గుడ గీకేయి, గీత మీది దాకా."

"ఎన్ని దినాలు కక్కుతది?"

"నన్నడుగుతవేంది? గోడనడుగు."

గోడను ఎలా అడగాలో ఆమే చూపించింది. కొట్టంలోంచి గుప్పెడు పేడ తెచ్చి, రెండు చేతుల్లో గుండ్రంగా తట్టి, మా వెనక గోడకు చప్పున కొట్టింది. ఐదు వేళ్లూ దిగాయి. పిడక రెండు క్షణాలు నిలబడి, మెల్లగా జారి కింద పడింది.

"జూసినవా? తడి గోడ పిడ్కను ఆపది. ఎన్నడు ఆపుతదో గన్నడు పిలువు నీ మేస్త్రిని."

మా ఆయనకు నచ్చలేదు. "ఇల్లు మునిగిన బాధ ఒకటి, ఇప్పుడు గోడకు పెండ," అని లోపల గొణిగాడు. కానీ సిమెంట్ బస్తా విప్పలేదు. మంచం మీద ఎత్తి పెట్టాడు. నన్ను మళ్లీ పొమ్మని కూడా అనలేదు. "గోడ సంగతి తేలనియ్యి," అన్నాడంతే.

ఆ రోజుల్లో అవ్వ నాతో చేయించిన పనులు నాకు ఇప్పటికీ చేతుల్లో ఉన్నాయి. బురద ఎండకముందే తీయాలి, ఎండితే రాయి అవుతుంది. కొబ్బరి చిప్పలతో మూలల్లోది గీకాను. గీత పైదాకా పాత పూత రాల్చాను. దొంగల భయం ఉన్నా తలుపులు, కిటికీలు పొద్దంతా బార్లా తెరిచి పెట్టాను. సాయంత్రం కొట్టంలో దోమలకు పెట్టే పొగనే, పిడకల మీద వేపాకు వేసి, మా గదిలోనూ పెట్టింది. కళ్లు మండి నేను బయటికి ఉరికితే, "పొగకు ఏడుస్తున్నవా, ఇంటికి ఏడుస్తున్నవా?" అని అడిగింది. నాకే తెలియలేదు. "ఏదైతేంది, ఏడ్చేయి. ఒక్క పొగల రెండు పనులైతయి," అంది.

అన్నీ ఆమెకు తెలుసని కాదు. పెళ్లికి మా అమ్మవాళ్లు చేయించిన చెక్క అల్మారి నీళ్లకు ఉబ్బితే, ఎండలో పెడితే బాగవుతుందని బయటికి మోయించింది. మధ్యాహ్నానికి తలుపులు పగిలి రెండుగా విచ్చుకున్నాయి. అవ్వ చాలాసేపు దాని చుట్టూ తిరిగింది. "నాకు బర్రెలదే తెలుసు బిడ్డా. చెక్కలది తెల్వది," అంది. ఆ అల్మారి తలుపులు ఇప్పటికీ తాడుతో కట్టే ఉంచుతాను. చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

గల్లీలో మొదటి నవ్వు కూడా ఆమె వల్లే వచ్చింది. వరద తరువాత అందరూ మూగగా బురద ఎత్తుతున్నారు. మేడ మీది ఖాలా డబ్బా దించింది కానీ, ఎప్పటి మాట అడగడానికి నోరు రాలేదు. అవ్వ పైకి చూసి అరిచింది.

"అడుగవేందమ్మా? గల్లీ నిండ నీళ్లే! ఇయ్యాల కలుపనీకె ఫికరే లేదు!"

ఖాలా నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. తట్టలు మోస్తున్నవాళ్లు దించి మరీ నవ్వారు.

రోజూ పొద్దున ఆమె వచ్చి గోడకు పిడక కొట్టేది. రోజూ జారేది. బతుకమ్మకు రమ్మని మా అమ్మ ఫోన్ చేసింది. "పిడక నిలబడ్డాక వస్త," అన్నాను. వరదలో నాకు మతి పోయిందేమో అని అమ్మ భయపడింది.

ఆ మధ్యలోనే ఒకరోజు నేను కొట్టంలోకి పోయాను. ఒక గుంజకు సగం తెగిన తాడు కట్టే ఉంది, దాని ముందు తొట్టి ఖాళీ. ఆ చోట బర్రె లేదు. ఇదేమిటని అవ్వ కొడుకును అడిగాను. అతను చెప్పాడు. ఆ సాయంత్రం చివరి తాడు సగం కోసి ఉండగా మా ఇంట్లో దీపం కదలడం చూసి, అవ్వ కత్తి అక్కడే వదిలి నా కోసం వచ్చిందట. తిరిగి పోయేసరికి నీళ్లు కొట్టం మీదికి వచ్చేశాయట.

నేను ఆమె ముందు నిలబడ్డాను. ఆమె కుడితి కలుపుతోంది.

"చెప్పిండా వాడు? వానికి నోరాగదు," అంది. నన్ను చూడలేదు. "అది ముసల్ది బిడ్డా. నువ్వు కొత్తదానివి."

ఆ తరువాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. నన్ను ఎత్తనివ్వలేదు కూడా. కానీ ఆ గుంజకు ఇంకో బర్రెను కట్టగా నేను చూడలేదు.

చలి మొదలవుతుండగా ఒక పొద్దున వెనక తలుపు తీస్తే, ముందటి రోజు పిడక గోడ మీదే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. నోరు తెరిచి, గల్లీ అంతా వినేట్టు "అవ్వా!" అని అరిచాను. అంత గట్టిగా నేను అరవగలనని మా ఆయన కూడా అప్పుడే తెలుసుకున్నాడు. ముఖం కడుక్కుంటున్నవాడు అలాగే వచ్చి గోడకు అరచెయ్యి ఆనించాడు. అవ్వ వచ్చి పిడకను గోటితో గీకి, గోడకు చెవి ఆనించి తట్టింది.

"పిలువురా నీ మేస్త్రిని," అంది.

గోడ నిలిచింది. నేను పోలేదు.

అయినా ఆమె మా గోడకు పిడకలు కొట్టడం మానలేదు. "పరీక్ష అయిపోయింది గద అవ్వా," అని మా ఆయన అంటే, "వానకాలం మల్ల రాదా?" అనేది. ఆయన కొన్నాళ్లు నసిగాడు. తరువాత దుకాణానికి పోతూ, వాన పడిన మర్నాడల్లా తనే వెనక్కి వెళ్లి చూసి వచ్చేవాడు.

ఆమె పోయింది ఎండాకాలం చివర్లో. వానలకు ముందు పిడకలు ఎండబెట్టి దాచుకునే రోజులు అవి. మా గోడ నిండా ఉన్నాయి. పాడె కడుతుండగా అవ్వ కొడుకు నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, కాష్టానికి పిడ్కలు కావాలె. మీ గోడ మీదియి తీసుకుంట."

"నేను తీస్తనన్నా," అన్నాను.

ఒక్కొక్కటే తీశాను. ప్రతి దాని మీదా ఆమె వేళ్లు ఉన్నాయి. చిటికెన వేలు కొంచెం వంకర, ఎప్పుడో బర్రె తొక్కింది. తట్టలో పేర్చేటప్పుడు చేతులు ఒకదాని మీద ఒకటి వేసినట్టు ఉంది. ఒక్కటి కూడా ఉంచుకోలేదు. ఆమె ఎండబెట్టింది ఎవరికో అవసరానికే.

మొన్న మొదటి వాన పడింది. తెల్లవారాక నేను కొట్టంలోకి పోయి గుప్పెడు పేడ తెచ్చి, ఆమె తట్టినట్టే తట్టి వెనక గోడకు కొట్టాను. లోపలి నుంచి మా ఆయన అడిగాడు.

"ఆగిందా?"

జారుతోంది. నా చేతి గుర్తుతోనే మెల్లగా కిందికి దిగుతోంది.

"ఇంకా లేదు," అని గట్టిగా చెప్పాను. "రేపు మల్ల జూస్త."

గోడ అంతా వాన తడికి నల్లబడింది. ఆమె పిడకలు ఉన్న చోట్ల మాత్రం గుండ్రటి మచ్చలు, వరుసగా, లేత రంగులో, ఇంకా పొడిగానే ఉన్నాయి.