ఆయన చెయ్యి పెట్టని కంప్యూటరు

గత శుక్రవారం పొద్దున్నే మా కంప్యూటర్ మాష్టారు పోయారు. కొవ్వూరు నుంచి ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయారని ఆ అమ్మాయి అంటుంటే నేను ఊ కొట్టాను. బతికున్నన్నాళ్ళూ మమ్మల్ని మాత్రం బాగానే ఇబ్బంది పెట్టారు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది అందుకే.

నిజానికి ఆయన మాష్టారు కాదు. టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. రాజమండ్రిలో మాకో చిన్న సంఘం ఉంది. రిటైరైన టీచర్లం కొందరం చేరి, చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు టైపు చేస్తుంటాం. మాలాంటి సంఘాలకు కంప్యూటర్ల పని నేర్పడం ఆయన పెట్టుకున్న వ్యాపకం. గురువారం గురువారం గోదావరి వంతెన దాటి బస్సులో వచ్చేవారు.

మొదట్లో మేము పాఠాలను పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి, చూపు మందగించిన పిల్లలకు ఇచ్చేవాళ్ళం. తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ఫోన్లు వచ్చాక, బొత్తిగా చూపు లేని పిల్లలకు ఆ ఫైళ్ళే పంపేశాం. వాళ్ళకు ముక్క అర్థం కాలేదు. లోపం ఫోన్లదేనని తీర్మానించాం. టీచర్లం కదా, తప్పు అవతలివాళ్ళదనుకోవడం వృత్తిలో వచ్చిన అలవాటు.

ఆయన వచ్చిన మొదటి రోజు మా ఫైలు ఒకటి కంప్యూటరు చేత చదివించారు. అది ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ వల్లించడం మొదలుపెట్టింది. మా దగ్గర పనిచేసే సుభద్రకు పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చదువుకున్న పిల్ల. "ఇన్నాళ్ళూ నాకు పంపింది ఇదేనండి. మీరు బాధపడతారని చెప్పలేదు" అంది. మేము కొనుక్కున్న పాత తెలుగు ఫాంటులో తెలుగు కంటికి కనబడడం వరకేనట. లోపలున్నదంతా ఇంగ్లీషు అక్షరాలేనట.

"మేడంగారూ, మీరు ఇంతకాలం కళ్ళున్నవాళ్ళ కోసం టైపు చేశారండి" అన్నారాయన. చివర అండి చేర్చి మరీ చెంప వాయించారు.

పాత పాఠాలన్నిటినీ లోపల కూడా తెలుగే ఉండే యూనికోడ్‌లోకి మార్చాలన్నారు. దానికీ, కంప్యూటరు నడవడానికీ కూడా ఎవరో రాసి అందరికీ వదిలేసిన సాఫ్ట్‌వేర్లే పెడదామన్నారు. ఊరికే ఎందుకిస్తున్నారు, వాళ్ళకేం ఒరుగుతుందని ఆరా తీశాను. కొట్లో కొన్న పూతరేకు తినడం వరకే మనదట. చేసే పద్ధతి ఎవరైనా చూపిస్తే బెల్లం తగ్గించుకోవచ్చు, నెయ్యి పెంచుకోవచ్చు, ఇంకొకరికి నేర్పవచ్చునట. నాకు షుగరుందని చెప్పాను. "అయితే మీకు పద్ధతే తెలియాలండి" అన్నారు. ఆయనతో వాదనలో నాకు చివరి మాట దక్కడం తక్కువ.

ఆయనకో పట్టుదల ఉండేది. మా కంప్యూటరు మీద ఎప్పుడూ చెయ్యి వేసేవారు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ వెనక నిలబడేవారు. మేము తప్పు చోట నొక్కుతుంటే గొంతు సవరించుకునేవారు, అంతే. ఒక్కసారి మీరే చేసేయండి, చూసి నేర్చుకుంటామని బతిమాలితే, "చూస్తే రాదండి. నా వేలు పడితే మీ బుర్ర పడుకుంటుంది" అనేవారు. పని అయ్యాక కంప్యూటరు ఆపించి, మళ్ళీ పెట్టించి, అది సవ్యంగా లేస్తేనే కాఫీ పుచ్చుకునేవారు. చల్లారిన కాఫీ ఆయన తాగినన్ని సార్లు ఇంకెవరూ తాగి ఉండరు.

ఫాంటు మార్చే ఆ సాఫ్ట్‌వేరు కొన్ని ఒత్తులు మింగేసేది. రాసినాయనకే చెప్పమన్నారు. నేను కుశలప్రశ్నలతో మొదలుపెట్టి మూడు పేరాలు రాశాను. మాష్టారు చదివి, ఏం చేశామో, ఏం వచ్చిందో, ఏం రావాలో చెబితే చాలన్నారు. మిగతా సాహిత్యమంతా కొట్టేశాను. వారం తిరక్కుండా ఆ ముక్కూ మొహం తెలియని మనిషి దిద్ది పంపాడు.

పోయిన ఏడాది మాష్టారికి డయాలసిస్ మొదలైంది. ఇక రాలేనన్నారు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఏదైనా చెడితే పిల్లలకు పాఠాలుండవు. ఆఖరి గురువారం ఆయన రాగానే చేసిన పని, ఆ కంప్యూటరు మొత్తం చెరిపేయమనడం.

"మతి ఉండే అంటున్నారా మాష్టారూ? పరీక్షలు ముందు పెట్టుకుని?"

"ఎప్పటికైనా అది చెడేదేనండి. ఇవాళైతే నేనున్నాను."

సుభద్ర చెరిపేసింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆయన పేపరు పట్టుకుని బయట మెట్ల మీద కూర్చున్నారు. సుభద్ర చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కంప్యూటరు చెప్పేది వింటూ అన్నీ మొదటి నుంచి ఎక్కించింది. విడిగా దాచిన కాపీలోంచి పాఠాలన్నీ తిరిగొచ్చాయి, సాంఘికశాస్త్రం తప్ప. అవి టైపు చేసిన మా కోశాధికారి వాటిని కంప్యూటర్లోనే వేరే చోట పెట్టుకుంది, కాపీలో చేరలేదు. ఆవిడ ఏడవడానికి సిద్ధమైంది. అప్పుడాయన లోపలికి వచ్చి చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు.

"ఇవి నా దగ్గరున్నాయండి. ఇలా నా జేబులో ఉండకూడదనే ఈ గొడవంతా."

వాటిని కాపీలో చేర్పించి, కంప్యూటరు మళ్ళీ చెరపమన్నారు. రెండోసారి మేము ఎక్కిస్తున్నప్పుడు ఆయన మెట్ల మీద కూడా లేరు. బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం పాఠాలన్నీ ఉన్నాయని ఫోన్‌లో చెబితే, "సరేనండి" అని పెట్టేశారు.

ఆయన పోయిన కబురొచ్చిన రోజు సంఘం గది మూసేద్దామనుకున్నాం. యానాం పక్క పల్లె నుంచి పదో తరగతి పిల్ల ఒకతె ఫోన్ చేసింది. మర్నాడు స్లిప్ టెస్టట, తుఫానుల పాఠం కావాలట. సుభద్ర మొహం కడుక్కుని వెళ్ళి, వెతికి పంపింది. ఎవరినీ ఏమీ అడగలేదు.

సాయంత్రం ఆ పిల్ల పిన్ని ఒక వీడియో పంపింది. ఇంటి ముందు పిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫోనులోని మరగొంతు అల్పపీడనం ఎలా బలపడుతుందో తెలుగులో చదువుతోంది. పక్కన తల్లి చేపలు వేరుచేస్తూ ఉన్నట్టుండి ఆగింది. "ఉండవే, ఆ గాలి సంగతి మళ్ళీ పెట్టు" అంది. పిల్ల వెనక్కి జరిపింది. పాఠం మళ్ళీ మొదలైంది. తల్లి చేతిలోని చేప అలాగే ఉంది.