పెట్టెలో వచ్చిన గులకరాయి

నా చిన్నప్పుడు మా వాడకట్టు మొత్తానికి టీవీ ఒక్కటే ఉండేది. అది మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటామె ఇంట్లో, ఆమె కుట్టుమిషను పక్కన, పూల గుడ్డ కప్పుకొని ఎత్తుపీట మీద కూర్చునేది. మా ఊరు పాన్‌గల్‌కు దగ్గర. అది ఏ సంవత్సరమో రూఢిగా చెప్పలేను. రూఢి కాని అంకెను కాగితం మీద పెట్టడం నాకు చేతకాదు. నేనప్పటికి బడిలో చదువుతున్నాననీ, ఊళ్లోకి కరెంటు వచ్చి ఎక్కువ కాలం కాలేదనీ మాత్రం చెప్పగలను. ఈ రెండింటికీ నేను పూచీ.

వారానికి ఒక సాయంత్రం ఆ టీవీలో జపాను దేశపు ధారావాహిక ఒకటి వచ్చేది. యుద్ధకాలంలో సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊళ్లో బతికిన మామూలు కుటుంబం కథ అది. అందులో తుపాకులు తక్కువ, వంటిల్లు ఎక్కువ. బియ్యం డబ్బా అడుగంటడం, తల్లి తన వంతును పిల్లల గిన్నెల్లోకి వంచి తనకు ఆకలి లేదనడం, సర్కారు మనుషులు వచ్చి ఇంట్లోని ఇత్తడీ ఇనుమూ పట్టుకుపోవడం, చివరికి పెద్దకొడుకును కాగితపు జెండాలూపి రైలెక్కించడం, ఇవే అందులోని ఘట్టాలు. మాటలు హిందీలోకి మార్చి వేసేవారు. మా ఆడవాళ్లకు హిందీ రాదు. ఖాలాకు ఉర్దూ వచ్చు గనుక, ఆమె మిషను ఆపి, ఒక్కొక్క ఘట్టాన్నీ తెలుగులో చెప్పేది. ఖాలా కూతురితో ఆడుకుంటూ పెరిగినదాన్ని గనుక నాకూ ఆ భాష చాలావరకు తెలిసేది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

"పుల్లలతోని తింటే కడుపెట్ల నిండుతదే? గందుకే గట్ల ఎండిపోయిండ్రు," అని మా మేనత్త అంటే అందరూ విరగబడి నవ్వేవారు. కానీ ఆ తల్లి గుప్పెడు బియ్యంలో గెనుసుగడ్డ ముక్కలు కలిపి పిల్లలకు వండిపెట్టిన రోజున ఒక్కరూ నవ్వలేదు. జొన్న గట్క తాగి కరువులు దాటిన ఆడవాళ్లు వాళ్లు. "ఈళ్లు మనోళ్లే గదనే," అంది ఎదురింటి పెద్దమ్మ, నెమ్మదిగా.

ఆ పెద్దమ్మకు ఒక్కడే కొడుకు. అప్పట్లో మా పల్లెల బతుకు ఒక పద్ధతిలో నడిచేది. దసరా దాటగానే గుంపు మేస్త్రీ లారీ తెచ్చి, దూర రాష్ట్రాల్లో కాలువలు, కట్టలు తవ్వడానికి మనుషులను ఎక్కించుకుపోయేవాడు. మళ్లీ తొలకరికి తెచ్చి దింపేవాడు. ఆ ఏడు తొలకరికి లారీ వచ్చింది గాని పెద్దమ్మ కొడుకు దిగలేదు. మేస్త్రీ అతని గొంగడి తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఆనకట్ట కోసం మట్టి తవ్వుతుండగా గడ్డ విరిగి మీద పడిందనీ, దేహాన్ని అక్కడే పూడ్చిపెట్టవలసి వచ్చిందనీ తల వంచుకొని చెప్పాడు.

పెద్దమ్మ ఏడవలేదు. "నేను కండ్లతోని జూడాలె. ఆడికెళ్లి గుప్పెడు మన్ను తెచ్చినంకనే దినం జేస్త," అని మాత్రం అంది. దసరా తర్వాత తన లారీలోనే తీసుకుపోయి ఆ చోటు చూపిస్తానని మేస్త్రీ అందరి ఎదుటా మాటిచ్చాడు. దాని కోసమే ఆమె ప్రాణం పట్టుకొని ఉంది. తిండి మాత్రం దాదాపు మానేసింది. ఎవరు ఏం తెచ్చిపెట్టినా రెండు మెతుకులు కెలికి గిన్నె పక్కకు నెట్టేది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి.

దసరా గడిచింది. లారీ రేపో మాపో వస్తుందనగా ఆ వారపు కథలో, జపాను తల్లి చేతికి తెల్లగుడ్డ చుట్టిన చిన్న చెక్కపెట్టె ఒకటి వచ్చింది. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపింది. లోపల ఏదో దొర్లిన చప్పుడయింది. విప్పి చూస్తే గులకరాయి. కొడుకు యుద్ధంలో చనిపోయాడనీ, ఎముక కూడా దొరకనందున అతని బదులు రాయిని పెట్టి పంపారనీ తెచ్చినవాడు చెప్పిన మాట నాకు స్పష్టంగా అర్థమయింది. ఆ తల్లి చాప మీదికి ఒరిగిపోయింది.

పెద్దమ్మ మోకాళ్ల మీద ముందుకు జరిగి, "ఏమైందే చెల్లె? ఏందది?" అని అడిగింది. ఖాలా ఆమె ముఖం చూసింది.

"ఏం గాలేదక్కా. కొడుకు బతికే ఉన్నడు. దుష్మన్లు పట్టుకపోయిండ్రట. ఆడ దొరికిన రాయి పంపిండు, అమ్మా నేనున్ననని. ఖుషీతోని ఏడుస్తుంది ఆమె."

అందరూ వెళ్లిపోయాక నేను ఖాలా వంటింట్లోకి పోయి, టీవీలో అలా చెప్పలేదు గదా అన్నాను. ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టింది. "తెల్సు బేటీ. చుప్. ఇయ్యాల్ల జర బుక్కెడు అన్నం తిననియ్యి ఆమెను." నిజంగానే ఆ పూట పెద్దమ్మ కడుపునిండా తిన్నది. మా అమ్మ ఆశ్చర్యపోయింది. ఇంత పెద్ద మేలు ఒక్క మాటతో చేయవచ్చునని నేను అనుకున్నాను.

లారీ వచ్చింది. మేస్త్రీ పిలిచాడు. పెద్దమ్మ గడప దాటలేదు.

"ఆమెకు రాయొచ్చింది, నాకు గొంగడొచ్చింది. నా కొడుకు గూడ యాడ్నో పట్టువడ్డడు. నేను ఆడికి పోయినంక వాడు ఈడికొస్తే తలుపెవరు తీస్తరు?"

మేస్త్రీకి ఆ మాట తలా తోకా తెలియలేదు. తెలిసిన మనిషి ఖాలా. ఆమె తన తలుపు పట్టుకొని నిలబడి ఉంది. లారీ వెళ్లిపోయింది.

అక్కడి నుంచి మా ఇంటి పక్కన రెండు ధారావాహికలు నడిచాయి. ఒకటి టీవీలోది, రెండోది ఖాలాది. తెర మీద ఆ తల్లి గులకరాయిని మట్టిలో పెట్టి, పైన కొడుకు పేరూ తేదీ చెక్కిన రాతిని నిలబెట్టి, నీళ్లు పోసి కడిగేది. కొడుకు క్షేమంగా రావాలని మొక్కుకుంటున్నదని ఖాలా చెప్పేది. చెప్పేటప్పుడు పెద్దమ్మ వైపు చూసేది కాదు. వచ్చే వారం నిజం చెబుతానని నాతో అనేది. వచ్చే వారం పెద్దమ్మ తల దువ్వుకొని, నవ్వుతూ వచ్చి ముందు వరుసలో కూర్చునేది. ఇంక ఎలా చెప్పడం? పెద్దమ్మ రోజూ గొంగడిని ఎండలో వేసి, దులిపి, మడిచి పెట్టేది. వాడొచ్చేసరికి పురుగు పట్టకూడదని.

మళ్లీ తొలకరికి లారీ వచ్చింది. ఆనకట్ట పని పూర్తయిందనీ, నీళ్లు నింపారనీ, తాము పూడ్చిన చోటు ఆ నీళ్ల కిందికి పోయిందనీ మేస్త్రీ చెప్పాడు. "పిలిస్తే రాకపోతివమ్మా. ఇగ నేను గూడ సూపియ్యలేను," అన్నాడు. మేస్త్రీ మాటను ఆమె అప్పటికీ నమ్మలేదు. నేరుగా ఖాలా ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"చెల్లె, ఆ టీవీల తల్లి కొడుకు వచ్చిండా?"

మిషను ఆగింది.

"రాలేదక్కా. ఆ రాయొచ్చేటాల్లకే సచ్చిపోయిండు. నేనే గట్ల జెప్పిన."

పెద్దమ్మ తిట్టలేదు, చెయ్యెత్తలేదు. "జర ముందుగాల జెప్తే నేను పోయొద్దును గదనే," అంది. అంతే. లేచి ఇంటికి పోయింది. ఆ తర్వాత ఖాలా టీవీ మీది పూల గుడ్డను తీయడం నేను చూడలేదు.

దినం చేయమని కులపెద్దలు ఒత్తిడి చేశారు. తన పొలంలోని మన్నే గుప్పెడు తెచ్చుకొమ్మన్నారు. "అది నా సేను మన్ను. నా కొడుకు మీద వడ్డ మన్ను గాదు," అని ఆమె ఒప్పుకోలేదు. ఆ దినం ఎన్నటికీ జరగలేదు. గొంగడిని ఆమె మళ్లీ ఎండలో వేయలేదు. అది పురుగు పట్టి పొడి అయింది. ఆమె కూడా దాదాపు అలాగే పోయింది.

ఖాలా కంటే దయగల మనిషిని నేను నా జీవితంలో చూడలేదు. అదీ నిజమే గనుక రాస్తున్నాను. ఆ దయ ఆ తల్లికి కొన్ని పూటల అన్నం పెట్టింది, గుప్పెడు మన్ను లేకుండా చేసింది. దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఖాలాను కాదు, ఆ మాటను.

ఈ రోజుల్లో ఫోనులో చావు కబురు వస్తే మా ఇంట్లో అందరూ ఓదార్పు మాటలు వెతుక్కుంటారు. నేను మాత్రం ఏ తారీఖు, ఏ చోటు, దగ్గర ఎవరున్నారు అని అడుగుతాను. వెంటనే బయలుదేరండి, చూడవలసింది ఉన్నప్పుడే చూడండి అంటాను. కఠినురాలినని బంధువులు వెనక చాటుగా అనుకుంటారని తెలుసు. అననీ.

ఎదురింటి పెద్దమ్మ కొడుకు విషయంలో మాత్రం ఆ ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. తారీఖు మేస్త్రీకే గుర్తు లేదు. చోటు నీళ్ల కింద ఉంది.